నడుస్తూ విన్న కోడె

తొలకరి పడి నాలుగు రోజులైంది. పైడయ్య తన మెట్టచేను దున్నుతున్నాడు. కాడికి ఎడమన దాపట ముసలి కర్రెద్దు, కుడిన వలపట కొత్తగా కట్టిన పుల్లకోడె. కోడెకు బలం లేక కాదు, బోలెడుంది. చిక్కంతా దాని చెవి దగ్గరే. అక్కడొక జోరీగ కాపురం పెట్టింది.

ఆ జోరీగ కుట్టి ఊరుకునే రకం కాదు. కబుర్లు చెబుతుంది.

"ఎందుకొచ్చిన తిప్పలు అబ్బాయ్? మొన్న రాయి తగిలి మోకాళ్ల మీద పడ్డావు. నిన్న సాలు వంకర తిప్పావు. నీ మొహానికి నాగలి కూడానా?"

"అప్పుడు కొత్త! ఇప్పుడు వేరు!" అంటూ కోడె టక్కున ఆగిపోయేది. తల విదిలించేది, వాదన పెట్టుకునేది. ఈలోగా నాగలి పక్కకు పోయేది. పైడయ్య తల పట్టుకునేవాడు.

ఆ పొద్దున ఆయన తేల్చి చెప్పేశాడు. "ఇవాళ ఒక్క సాలైనా గట్టుదాకా రాకపోతే శుక్రవారం నిన్ను సంతకు తోలేస్తాను."

నాగలికి పనికిరాని కోడెను సంతలో కసాయివాడే కొంటాడని కోడెకు తెలుసు.

"నేను ముందే చెప్పలా?" అని జోరీగ సంబరపడిపోయింది.

"మావా, దీన్ని తరిమెయ్యవా? ఇది నోరు మూస్తేగాని నేను దున్నలేను" అని కోడె కర్రెద్దును బతిమాలుకుంది.

కర్రెద్దు నెమరు ఆపలేదు. "అది నోరు మూసేదాకా ఆగితే శుక్రవారం వచ్చేస్తుంది. అయినా అది చెప్పింది అబద్ధమా? మొన్న పడ్డావా లేదా?"

"పడ్డాను."

"లేచావా లేదా?"

"లేచాను."

"ఆ రెండోది అది ఎన్నడూ చెప్పదు. నువ్వైనా గుర్తు పెట్టుకో. దాన్ని వాగనీరా. నిలబడి వినకు, నడుస్తూ విను."

పైడయ్య అదిలించాడు. కోడె కదిలింది.

"అదిగో రాయి! పడతావ్!"

"చూసి దాటుతాలే పిన్నీ."

"సాలు వంకర పోతోంది!"

"చెప్పు చెప్పు, వింటున్నా." కోడె మెడ కాడికి ఆనించి మరో అడుగు వేసింది.

నిలబడ్డ కోడె చెవిలో కూర్చుని కబుర్లు చెప్పడం సుఖం. నడిచే కోడె వెంట ఎగురుతూ అరవడం ఉత్త ఆయాసం. సగం చేను దాటేసరికి జోరీగకు గొంతు పోయింది. అంతలో మట్టి తిరగబడుతోందని చూసి, పురుగుల కోసం తెల్లకొంగలు సాలు వెంట దిగాయి. నాగలి ఆగి ఉన్నన్నాళ్లూ వాటికి ఈ చేలో పనేం లేదు మరి.

"అబ్బాయ్, ఆగు! ఒక్క క్షణం ఆగు, నీ చెవిలో దాక్కుంటాను!"

"ఆగలేను పిన్నీ, పనిలో ఉన్నా."

ఒక కొంగ మెడ చాచి టుక్కున పట్టేసింది.

సాలు మధ్యలో కాస్త వంగింది గాని గట్టుదాకా వచ్చింది. పైడయ్య కోడె వీపు చరిచి, "నిన్నెవడికీ అమ్మనురా!" అన్నాడు. కోడె కర్రెద్దు వైపు తిరిగింది.

"మావా, రేపు ఇంకో జోరీగ వస్తే?"

"రానీ. దున్నాల్సిన చేను ఇంకా చాలా ఉంది" అంది కర్రెద్దు.

నీతి: వెనక్కి లాగే ఆలోచనను గెలవడానికి దానితో వాదించనక్కర్లేదు, ఆగకుండా నడిస్తే చాలు.