కొంగ గొంతులో జెల్ల

అనగనగా ఒక రాజు. అలాంటిలాంటి రాజా? ఆయన తుమ్మితే ఏడూళ్ళ తలుపులు తెరుచుకునేవి! ఆ చండకేతు మహారాజుకు ముగ్గురు కొడుకులు.

ఒకనాడు కంకాళుడనే మాంత్రికుడు పొరుగు రాకుమారి నీలవేణిని ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల కొండగుహలో దాచాడు. వాడి ప్రాణం అక్కడే పంజరంలోని చిలకలో ఉంది. ఆమెను విడిపిస్తానని పెద్దకొడుకు వెళ్ళాడు, రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, రాలేదు.

మూడోవాడు మణికేతుడు ఏడు సముద్రాలనూ ఏడే బారల్లో ఈదేశాడు. ఎనిమిదో బార వేయడానికి సముద్రం చాలలేదు!

గుహలోంచి నడుంలోతు వాగు పారుతోంది. మణికేతుడు దివిటీ వెలిగించి గుహ వాకిట వాగులోకి దిగాడు. మాంత్రికుడు పన్నిన వలలో చిటికెన వేలంత జెల్లచేప ఇరుక్కుని కిర్రుకిర్రుమంటోంది.

"లాగకు నాయనా! లాగేకొద్దీ నా ముళ్ళు బిగుసుకుంటాయి."

కొండల్ని చీల్చిన కత్తితో మణికేతుడు ఒక్కొక్క దారమే కోసి దాన్ని విడిపించాడు.

"మీ అన్నలు దివిటీలతో పోయారు," అంది జెల్ల. "వెలుగు చూసి చిలక అరిచింది. కంకాళుడొచ్చి ఇద్దర్నీ రాళ్ళు చేశాడు. నువ్వు దివిటీ ఆర్పు."

"మరి దారెలా తెలుస్తుంది, మీసాల మామా?"

"మామకి ఎనిమిది మీసాలున్నాయిగా! పగలు రాతికింద పడుకుని చీకట్లో తిరిగేవాణ్ణి. దీపంతో నాకేం పని?"

జెల్ల మీసాలతో రాయిరాయీ తడుముతూ ముందు ఈదింది. దాని తోక చేతికి తగులుతుండగా మణికేతుడు వెనక నడిచాడు. పంజరం జానెడు దూరంలో ఉందనగా కత్తి రాతికి తగిలి ఖంగుమంది. చిలక కెవ్వుమంది!

నిప్పుకళ్ళతో కంకాళుడు దిగాడు. గుహంతా ఎర్రబడింది.

"నా వాగులో ఉంటూ వీడికి దారి చూపిస్తావా?" అంటూ కొంగగా మారి జెల్లను గుటుక్కున మింగాడు.

మింగాడు గానీ దిగలేదు. వీపు ముల్లొకటి, రెక్కల ముళ్ళు రెండు, మూడూ గొంతులో విచ్చుకున్నాయి. మంత్రం చదవబోతే మాట రాలేదు.

మణికేతుడు చిలక మెడ పట్టబోయాడు.

"ఆగండి!" అంది పంజరం పక్కనే ఉన్న నీలవేణి. "వీడు చస్తే మీ అన్నలు ఎప్పటికీ రాళ్ళే. వీడి నోటి మాటతోనే లేవాలి."

"గొంతు వదిలితే నన్నూ రాయి చేస్తాడే!"

లోపల్నుంచి జెల్ల అరిచింది. "ఒక ముల్లు ముడుస్తా. ఒక్క మాటకే చోటు. ఒరే కొంగా, పెద్దవాణ్ణి లేపు! లేదా చిలక మెడ విరుగుతుంది."

"లే!" అంది కొంగ. పెద్దవాడు లేచాడు.

జెల్ల రెండో ముల్లు ముడిచింది. "లే!" రెండోవాడూ లేచాడు.

ఇక నిలిచింది ఒక్క ముల్లు. కొంగ కళ్ళు మెరిశాయి. గబగబా మంత్రం అందుకుంది. మణికేతుడి పాదాలు రాయయ్యాయి, మోకాళ్ళు రాయయ్యాయి, నడుం రాయయింది, చేయి పంజరానికి అందడం లేదు!

"మామా!"

మూడు ముళ్ళూ ఫట్టున లేచాయి. మంత్రం సగంలో తెగింది. నీలవేణి పంజరం లాక్కుని చిలక మెడ విరిచేసింది. కొంగ కూలింది, పూర్తికాని మంత్రం గనక అది కరిగిపోయి మణికేతుడు మళ్ళీ మామూలు మనిషయ్యాడు. తెరుచుకున్న ముక్కులోంచి జెల్ల వాగులోకి జారింది.

పెళ్ళికి యాభై ఆరు దేశాల రాజులొచ్చారు. ముహూర్తం ముంచుకొస్తున్నా మణికేతుడు తాళి పట్టుకుని కూర్చున్నాడే గానీ కట్టడు.

"మా మామ తొట్టిలో రాతికింద ఉన్నాడు. దీపాలుంటే బయటికి రాడు. ఆర్పండి!"

లక్ష దీపాలూ ఒక్కసారిగా ఆరాయి. తొట్టిలో నీళ్ళు కదిలి కిర్రుమన్నాయి. అప్పుడు కట్టాడు తాళి, ఆ కటిక చీకట్లోనే! ఆ తరవాత ఇద్దరూ వెయ్యేళ్ళు ఏలారు. ఒక్క ఏడాది తగ్గించినా నేనొప్పుకోను.