బుడ్డోణ్ణి పట్టుకునేదెవరు?

మా గురువుగారు పరాంకుశంగారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. ఆ తరవాత మాకు జ్ఞానోదయం అవుతుందో, ఉత్తినే కాళ్ళు పీకుతాయో ఆ దేవుడికే ఎరుక.

ఆ ఉదయం అడిగినవాడు గంగరాజు. రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఒకప్పుడు ఈల వేస్తే ఊళ్ళో పిల్లలంతా గడగడలాడేవారు. అలాంటివాడు కళ్ళనీళ్ళు పెట్టుకుని, "గురువుగారండీ, ప్రేమించినవాళ్ళకి చెడ్డవాళ్ళం కాకుండా మేలు చేసే దారేదైనా ఉందాండీ?" అన్నాడు.

సంగతేమిటంటే, అతని మనవడు అక్షిత్‌కి ఏడాది నిండాక, పచ్చకామెర్లు రాకుండా వేసే హెపటైటిస్-ఎ టీకా మొదటి డోసు వేయించారు. ఒళ్ళో పట్టుకున్నది గంగరాజే. సూది పడగానే ఆ ఏడుపు చూడలేక, వాణ్ణి కోడలి చేతిలో పెట్టేసి బయటికి పరుగెత్తాడు. ఆ తరవాత చాన్నాళ్ళు, తాత కనబడితే చాలు బుడ్డోడు కెవ్వుమనేవాడు. ఇప్పుడు రెండో డోసు వేయించాలి. పైగా మంచినీళ్ళ గొట్టంలో మురుగు కలిసి వీధిలో ఇంటింటా పచ్చకామెర్లు. టీకా మానడానికి లేదు. మళ్ళీ మనవడికి శత్రువవడానికి మనసొప్పదు.

గురువుగారు చెప్పులు వేసుకున్నారు.

పిల్లల డాక్టరు సుభాషిణిగారి దగ్గరికి గంగరాజు కుటుంబమంతా పెళ్ళికి తరలినట్టు తరలింది. వెనకాల మేమూ వెళ్ళాం. తీరా పిలుపొచ్చేసరికి బుడ్డోణ్ణి నర్సుకి అప్పగించి అందరూ మాయం! సూది పడేదాకా తలుపు చాటున నక్కి, ఏడుపు వినగానే ఆపద్బాంధవుల్లా ఊడిపడాలని ఎవరికి వారే ఎత్తు వేసుకొచ్చారు మరి. నాయనమ్మ చేతిలో గిలక్కాయ, తండ్రి చేతిలో చాక్లెట్టు, తల్లి చేతిలో బెలూను, గంగరాజు చేతిలో బిస్కెట్లు. సిగ్గులేని సంత!

"పట్టుకునేవాళ్ళేరండీ?" అని డాక్టరమ్మ కేకేసింది. "సొంతవాళ్ళెవరూ పట్టుకోకపోతే నేను వెయ్యను."

నాయనమ్మ కొడుకుని తోసింది. కొడుకు పెళ్ళాంకేసి చూశాడు. ఆ అమ్మాయి, "నాకు కళ్ళు తిరుగుతాయి మావయ్యగారూ" అంది. గంగరాజు గురువుగారికేసి చూశాడు. ఆయన బెంచీమీద కూర్చుని గోడమీది బల్లిని శ్రద్ధగా పరిశీలిస్తున్నారు.

గంగరాజు బిస్కెట్లు నా చేతిలో కుక్కి లోపలికి నడిచాడు. మనవణ్ణి గుండెకి అదుముకుని, కాళ్ళు గట్టిగా పట్టుకున్నాడు. సూది దిగింది. బుడ్డోడు కప్పు ఎగిరిపోయేలా అరిచి తాత చెంప ఛెళ్ళుమనిపించాడు. ఈసారి గంగరాజు కదల్లేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా వాణ్ణి వదల్లేదు.

అప్పుడు చూడాలి! పిల్లాడు పడితే నేలని కొట్టి ఓదార్చే జాతి కదా మనది! తలుపు చాటువాళ్ళంతా ఒక్కుమ్మడిగా వచ్చిపడి, "అయ్యో నా బంగారుతండ్రీ! ఎవరు పొడిపించారమ్మా? తాతేనా? తాతని కొట్టేద్దాం!" అంటూ తలా ఒకటి గంగరాజు వీపున తగిలించారు. నాయనమ్మ దెబ్బలో ముప్ఫై ఏళ్ళ కాపురం వినబడింది నాకు.

"నా దగ్గరికి రా నాన్నా" అని అందరూ చేతులు చాపారు. బుడ్డోడు వెక్కుతూనే ఒక చేత్తో చాక్లెట్టూ, ఇంకో చేత్తో బెలూనూ లాక్కున్నాడు. ఇచ్చినవాళ్ళకి వీపు తిప్పేసి, తాత భుజంమీద మొహం దాచుకుని, కన్నీళ్ళూ చీమిడీ అక్కడే రాసేసి, అక్కడే నిద్రపోయాడు.

గంగరాజు వాణ్ణి ఎవరికీ ఇవ్వకుండా మోసుకుంటూ వచ్చాడు. దారిలో చెంప తడుముకుని, "నా ప్రశ్న అలాగే ఉండిపోయిందండీ. చెంప మాత్రం ఇంకా మండుతోంది" అన్నాడు.

"చెంప సంగతి సరే, గంగరాజూ," అన్నారు గురువుగారు. "భుజం ఏమంటోంది?"