కంపు పుట్టిన చోటు

పట్నం చివర దిబ్బపేటలో అంతా పేదలే. తెల్లారగానే ఇంటింటి చెత్తా మోసుకొచ్చి, గుంతల్లో పేడనీళ్ళు చల్లి మగ్గబెట్టి, ఎరువు చేసి బతికేవారు. దివాను భైరవయ్య ఒక్కడే వాళ్ళను గడప తొక్కనిచ్చేవాడు కాదు.

ఒకరోజు ఆయనే రాజుగారి చెవిలో వేశాడు. "ఈ కంపు భరించలేం ప్రభూ! అది పుట్టే చోటు పొద్దుగుంకేలోగా నేలమట్టం చేయించండి." రాజు సరేనని ఆజ్ఞ రాయించి, తనే బయల్దేరాడు.

భటులు గునపాలతో పేటలో దిగేసరికి పొద్దు వాలుతోంది. ఆడవాళ్ళు గుంతలకు అడ్డంపడి గోలపెట్టారు. పైడమ్మ అనే ముసలిది మాత్రం దోసెడు ఎరువు తీసి రాజు ముందు పట్టింది.

"ఒక్కసారి వాసన చూడండి మారాజా."

రాజు జంకుతూనే వంగాడు. తొలకరికి తడిసిన నేల వాసన!

"మరి ఆ కంపెక్కడిది?"

"మీ ముక్కు ఎటు లాగితే అటు నడవండి. దారి నేను చెప్పను."

రాజు నడిచాడు. వెనక పేటంతా నడిచింది. ముక్కు మూసుకుని ఆయన ఆగింది దివానుగారి పెరటిగోడ దగ్గర. లోపల ఎంగిలి విస్తళ్ళు గుట్టగా కుళ్ళి ఈగలు ముసురుతున్నాయి.

"ఇది ఎందుకు ఎత్తలేదే?"

"మా కాలు పడితే ఇల్లు మైలపడుతుందన్నారు మారాజా."

పైడమ్మ పడమటికి చూసింది.

"పొద్దింకా గుంకలేదు మారాజా. గునపాలవాళ్ళను ఇటు పిలవమంటారా?"