నాచుచేపకు తోడు

చేపల మోజున్న ఒక రాజుగారి గాజుతొట్టెలో గాజుకు పట్టిన నాచును నాకి తినే మూరెడు పొడుగు నాచుచేప ఉండేది. దానికి తోడు వెయ్యమని దివాన్‌గారు మెల్లగా ఈదే బంగారుచేపలు తెచ్చారు.

చేపల్ని సాకే నూకాలు తొట్టెకు అడ్డంగా నిలబడింది. "పైనీళ్లలో చురుగ్గా తిరిగేవి తెండి బాబూ. కదలని చేపల్ని ఇది ఒంటి జిగురుకోసం నాకి నాకి పుండు చేసేస్తది."

"నాచు తినేది ఒంటినేం చేస్తుందే? తప్పుకో, లేదా నీ కొలువు ఊడుతుంది" అన్నారు దివాన్‌గారు, రాజుగారి ఎదుటే.

"అయితే గడ్డి తినే మన గేదె ముందు అంగీ విప్పి ఘడియసేపు కూర్చోండి."

పంతానికి పోయి దివాన్‌గారు పెరట్లో గేదెకు వీపు పెట్టి కూర్చున్నారు. చెమట ఉప్పు రుచి తగిలిన గేదె గరుకు నాలుకతో నాలుగుసార్లు నాకేసరికి, వీపు మండి, లేచి పరుగున తొట్టె దగ్గరికొచ్చి పడ్డారు.

నూకాలు మాత్రం తొట్టె దగ్గర్నుంచి కదల్లేదు. "తమరికి పారిపోను దారుంది బాబూ. ఈ తొట్టెలో బంగారుచేపకు ఏది?"