రాజుగారి ఎదుట రాగిసంగటి

అనగా అనగా, మబ్బులు మనుషుల తలపాగాలకు తగిలేంత కిందుగా తిరిగే రోజుల్లో, ఎర్రమిట్ట అనే సీమ ఉండేది. పొద్దున్నే కొండల మీంచి మంచు దిగివచ్చి, వాకిళ్ళలో కాసేపు కూర్చుని, ఎండ రాగానే లేచి వెళ్ళిపోయేది.

ఆ సీమకంతటికీ ఒకటే చెరువు. మూడేళ్ళ కిందట ఒక పెద్దవానకు దాని కట్ట తెగింది. ఆ తరువాత ఎన్ని వానలు కురిసినా నీళ్ళు నిలవలేదు. వరి పండలేదు. కొంగలు ఎగిరిపోయాయి. జనం రాగులూ ఉలవలూ తిని రోజులు గడుపుతున్నారు.

ఒకనాడు అక్కడ రాజుగారి దండోరా వినిపించింది.

"రాజధాని నడివీధిలో వంటల వేడుక! ప్రతి సీమ నుంచీ ఒకరు వచ్చి, తమ సీమకు పేరైన వంటను అందరి ఎదుటా వండి చూపాలి! మెప్పించినవారికి బంగారు గరిటె!"

ఎర్రమిట్టలో వంట అంటే ఓబుళమ్మే. పెళ్ళికైనా పేరంటానికైనా ఆమె వచ్చి పొయ్యి ముట్టించాల్సిందే. ఆమె సీమపెద్ద చెన్నరాయుణ్ణి అడిగింది.

"రాయుడన్నా, మన సీమ వంట అని ఏం వండను?"

"కుంకుమపువ్వు వేసి నేతిపాయసం వండు. మనకేం తక్కువని నలుగురూ అనుకోవాలి!" అన్నాడు చెన్నరాయుడు. పొరుగుసీమ నుంచి సన్నబియ్యం మూట తెప్పించాడు. నెయ్యి తెప్పించాడు. ఇద్దరూ ఎడ్లబండి కట్టుకుని బయలుదేరారు. రాజధానికి మూడు రోజుల ప్రయాణం. దారిలో తినడానికని ఓబుళమ్మ రాగిపిండీ ఉలవలూ వెంట పెట్టుకుంది.

మొదటిరోజు మామిడితోపులో ఆగి, పాయసం వండి చూసింది. కొమ్మ మీది చిలుక దిగివచ్చి రుచి చూసింది.

"బాగుంది, బాగుంది! మీది పడమటి సీమ కదూ? అచ్చం ఇలాగే వండుతారక్కడ!" అంది.

చెన్నరాయుడి ముఖం మాడిపోయింది. "అయితే కొబ్బరన్నం వండు" అన్నాడు.

రెండోరోజు దారిలో కొబ్బరికాయలు కొని, ఏటి ఒడ్డున కొబ్బరన్నం వండింది. నీళ్ళలోంచి తాబేలు తల ఎత్తి, రెండు మెతుకులు నమిలి, కళ్ళు మూసుకుంది.

"ఆహా! మీది సముద్రపు ఒడ్డు కదూ?" అంది.

మూడోరోజు మధ్యాహ్నం చెన్నరాయుడు బండి నీడన పడుకుని నిద్రపోయాడు. గాలిలో దూదిపింజలు మెల్లగా తేలుతున్నాయి. ఓబుళమ్మకు ఆకలేసింది. ఏమీ ఆలోచించకుండా ఇంత రాగిసంగటి గెలికింది. ఉలవచారు కాచింది. ఆ పొగ దారంలా సన్నగా పైకి లేచి మబ్బుల్లో కలిసింది.

ఆ మబ్బుల్లోంచి ఒక ముసలికొంగ దిగింది.

"తల్లీ, మీది ఎర్రమిట్ట కదూ? వాసనకే పోల్చుకున్నాను. బండిలో బియ్యంమూట కూడా చూశాను. చెరువు నిండిందా? మా పిల్లల్ని పిలుచుకుని వచ్చేయమా?"

ఓబుళమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "లేదమ్మా. ఆ బియ్యం కొన్నవి. రాజుగారికి వండి చూపడానికి."

"అయ్యో! ఆ చెరువులోనే పుట్టి పెరిగిన నేనే మోసపోయానే. రాజుగారు మోసపోరా?" అంటూ కొంగ ఎగిరిపోయింది.

ఓబుళమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు రాజధాని నడివీధి జనంతో కిటకిటలాడింది. ఓబుళమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి, రాగిపిండి చేతికి తీసుకుంది.

"ఏం చేస్తున్నావు ఓబుళమ్మా! పదిమందిలో మన పరువు తీస్తావా?" అన్నాడు చెన్నరాయుడు పళ్ళు బిగించి.

"మనం తినేదే వండుతున్నాను, అన్నా" అంది. ఎసట్లో పిండి పోసింది. ఉడికాక కట్టెతో గెలికింది. వేడివేడి ముద్ద చేసి, నడుమ గుంట పెట్టి, ఉలవచారు పోసింది. ఎవరో నవ్వారు.

మహారాజు విజయపాలుడు వచ్చి, ముద్ద తుంచి నోట పెట్టుకున్నాడు. ఇంకాస్త తుంచి వేళ్ళతో విప్పి చూశాడు.

"కమ్మగా ఉందమ్మా. కానీ సంగటిలో బియ్యపు నూకలు కలుపుతారని విన్నాను. ఇందులో ఒక్క గింజయినా లేదేం?"

"చెరువు నిండుగా ఉన్నప్పుడు కలిపేవాళ్ళం, మహారాజా. కట్ట తెగి మూడేళ్ళయింది."

"మూడేళ్ళా! మీ సీమ నుంచి అంతా క్షేమమనే కదా లేఖలు వస్తున్నాయి?"

చెన్నరాయుడు తల వంచుకుని ముందుకు వచ్చాడు. "రాసింది నేనే, ప్రభూ. మాకు లేదని చెప్పుకోవడం నామోషీ అనుకున్నాను."

"నామోషీ నీకు. ఆకలి ఎవరికి?" అన్నాడు రాజు మెల్లగా.

చెన్నరాయుడు తలపాగా తీసి చేత పట్టుకున్నాడు.

బంగారు గరిటె చేపల పులుసు వండిన తీరంవాళ్ళకు దక్కింది. ఓబుళమ్మ బండి వెనక మాత్రం, తెగిన కట్ట వేయమని రాజు పంపిన రాళ్ళ బండ్లు ఇరవై, మట్టిపని వాళ్ళు నూరుమంది ఎర్రమిట్టకు కదిలారు. మొదటి మట్టితట్ట చెన్నరాయుడే తలకెత్తుకున్నాడు. ఆ ఏటి తొలివానకు చెరువులో మోకాలి లోతు నీరు నిలిచింది. ఊరంతా కట్ట మీద నిలబడి, ఆ నీళ్ళనే చూస్తూ ఉండిపోయింది.

పిల్లలూ, లేమిని దాచి పరువు నిలుపుకోవాలని చూస్తే రావలసిన సాయం దారి తప్పుతుంది; ఉన్నది ఉన్నట్టు చెప్పుకున్న వారి ఇంటికే అది నడిచి వస్తుంది.