రాని కారుకు నిమ్మకాయలు

తెనాలిలో చిదంబరయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు. లేచి చెప్పులు వేసుకునేవారు. అడిగినవాడు ఆ చెప్పుల వెంట నడవాలి. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి జరుగుతుంది, అదే జవాబు. ఏమీ జరక్కపోతే ఇద్దరూ కాఫీ తాగి తిరిగొస్తారు.

ఆ పూట అడిగినవాడు భావనారాయణ. ఆయన దగ్గర గీత చదువుకునేవాళ్ళలో అందరికన్నా పాతవాడు. ఆ రోజుకు అందరికన్నా అలసిపోయినవాడు కూడా.

"గురువుగారూ, ఓర్పు ఓర్పు అంటారు. ఎంతకాలమని పట్టాలి దాన్ని?"

అతని అలసటకు కారణం కారు. అక్కయ్య సుందరమ్మకు తుంటి ఆపరేషన్ అయింది. బస్సెక్కలేదు, ఆటో కుదుపుకు తట్టుకోలేదు. తల్లి పోయాక అతన్ని పెంచి చదివించింది ఆవిడే. అందుకని ఒట్టు పెట్టుకున్నాడు: కొత్త కారు కొనాలి, అందులో మొదట కూర్చునేది అక్కయ్యే, మొదటి ప్రయాణం రేపల్లెకే. రేపల్లెలో జలజాక్షమ్మ మంచం పట్టి ఉంది. ఆవిడా సుందరమ్మా ఒకే బడిలో పాఠాలు చెప్పి, ఒకే క్యారేజీలో అన్నం తిన్నవాళ్ళు. ఫోన్‌లో ఆవిడ మాట రోజురోజుకూ పలచబడుతోంది. ఒక్కసారి చూసి రావాలన్నదే సుందరమ్మ కోరిక.

కారు మాత్రం దొరకలేదు. తెనాలి షోరూమ్‌లో వారం పది రోజులన్నారు, ఆ వారం ఎన్ని వారాలయిందో వాళ్ళకే తెలియాలి. గుంటూరు వెళ్తే విజయవాడ వెళ్ళమన్నారు. ప్రతిచోటా టై కట్టుకున్న మనిషి చల్లని నీళ్ళిచ్చి "కార్లలో వేసే చిప్పులు రావట్లేదు సార్" అనేవాడు. చిప్పుల పేరు చెప్పి తన చేతికి చిప్ప ఇచ్చారని భావనారాయణ ఏడవలేక నవ్వేవాడు. న్యాయంగా చెప్పాలంటే మధ్యలో ఒకసారి ఎర్ర కారు వచ్చింది. ఎరుపు జాతకానికి పడదని వదిలేశాడు. ఇంకోసారి తెల్లదే వచ్చింది గానీ మూఢంలో వచ్చింది. మంచిరోజులు వచ్చేదాకా ఉంచమంటే వాళ్ళు నవ్వి వెనక ఉన్నవాడికి ఇచ్చేశారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటారే, ఆ పూజారి కూడా తానే అయ్యాడు.

పక్కింటి మస్తాన్ తన స్కూలు వ్యానులో తీసుకెళ్తానని రెండు మూడుసార్లు అన్నాడు. "వ్యానులో వెళ్ళే ఖర్మేంటి, మన కారు వస్తోందిగా" అన్నాడు భావనారాయణ.

ప్రశ్న విని చిదంబరయ్యగారు చెప్పులు వేసుకున్నారు. "ఈ పూట భోజనం మీ ఇంట్లో" అన్నారు.

సుందరమ్మ కుర్చీలో కూర్చునే కొసరి కొసరి వడ్డించింది. పెరుగన్నంలోకి నిమ్మకాయ ఊరగాయ వేసింది. గురువుగారు రుచి చూసి తలెత్తారు.

"బ్రహ్మాండంగా ఊరింది. ఎప్పటిదమ్మా?"

"కారుదండీ" అంది ఆవిడ.

ఆయనకు అర్థం కాలేదు. సుందరమ్మ కాస్త సిగ్గుపడింది. "కొత్త బండి చక్రాల కింద పెట్టాలి కదండీ, నాలుగు కాయలు. తమ్ముడు కారొస్తోందన్నప్పుడల్లా తెప్పిస్తా. అది రాదు. కాయలు వడిలిపోతుంటే పారెయ్యబుద్ధి కాక కోసి ఉప్పులో వేస్తా. జాడీ నిండిపోయిందండీ."

భావనారాయణ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ ఊరగాయ అతను నెలల తరబడి తింటున్నాడు. ఎక్కడిదని ఒక్కనాడూ అడగలేదు.

వంటింటి గట్టు మీద తాజా కాయలు నాలుగు ఉన్నాయి. గురువారం కారు ఖాయమని షోరూమ్ వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు మరి. చిదంబరయ్యగారు చెయ్యి కడుక్కుని, ఆ కాయలు తీసుకుని బయటికి నడిచారు. పిల్లల్ని బడిలో దింపి వచ్చిన మస్తాన్ వ్యాను వీధిలో ఆగి ఉంది. ఆయన ఓపిక చేసుకుని వంగి, ఆ వ్యాను నాలుగు చక్రాల కిందా నాలుగు కాయలు పెట్టారు.

"గురువుగారూ, ఇది మన కారు కాదండీ!"

"నిమ్మకాయలకు ఆ సంగతి తెలియదులే."

మస్తాన్ మెట్టు దగ్గర పీట వేశాడు. "రేపల్లెకేగా, నిదానంగా ఎక్కండమ్మా. గుంటలు తప్పించి పోనిస్తా." సుందరమ్మ ఒక సీసాలో ఊరగాయ పెట్టించుకుని, తమ్ముడి భుజం ఆసరాతో ఎక్కింది. వెనకే తమ్ముడూ గురువుగారూ ఎక్కారు. కాయలు టపటపా చితికాయి. చాలా రోజులకు ఆవిడ పైకి నవ్వింది.

రేపల్లెలో జలజాక్షమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. సుందరమ్మ మంచం అంచున కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. సీసా మూత తీసి, ఊరగాయ రసం వేలితో నాలుక మీద రాసింది. జలజాక్షమ్మ చప్పరించింది. కళ్ళు వెలిగాయి. ఎదుటి మొహంలోకి చాలాసేపు చూసి మర్యాదగా అడిగింది.

"బాగుందమ్మా. అచ్చం మా సుందరం చేతి ఊరగాయే. మీది ఏ ఊరు? మా సుందరం తెనాలిలో ఉంటుంది. ఎప్పుడొస్తుందో మీకేమైనా తెలుసా?"

సుందరమ్మ సీసా మూత పెట్టింది.

"వస్తుందమ్మా. కారు కోసం చూస్తోంది."

గుమ్మంలో నిలబడ్డ భావనారాయణకు, తల్లి పోయిననాడు కూడా రానంత ఏడుపు వచ్చింది. అంతలో జేబులో ఫోన్ మోగింది. కారు వచ్చేసిందట, తెల్లదేనట, రేపే తీసుకెళ్ళొచ్చట. అతను ఫోన్ పెట్టేసి గురువుగారి కోసం చూశాడు.

చిదంబరయ్యగారు వాకిట్లో చెప్పులు వెతుక్కుంటున్నారు. ఆయన మొహం కూడా బాగా వడిలిపోయి ఉంది.

"ఆగడం నిమ్మకాయలకు చెల్లింది నాయనా" అన్నారు. "అవి ఊరతాయి."