పెద్దవీధిలో రెండు సైకిళ్ళు

సలోమమ్మ గారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆమె వెంటనే జవాబు చెప్పేది కాదు. "రేపు పొద్దున సైకిలు తీసుకురా" అనేది. అడిగిన మనిషికి సైకిలు తొక్కడం రాకపోతే ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోయేది. అంత అవసరమైన ప్రశ్నే అయితే తొక్కడం నేర్చుకుని వస్తుందిలే అని ఆమె ధీమా.

మునసబులు ఇంకా ఉన్న రోజులవి. సలోమమ్మ గారు మిషను తరఫున బైబిలు స్త్రీగా పనిచేసేది. తాలూకా ఊళ్ళోని మిషను కాంపౌండు నుంచి పొద్దున్నే బయలుదేరి, రోజుకొక ఊరి గూడెంలో ఆడవాళ్ళకి వాక్యం చెప్పి, పిల్లలకి అక్షరాలు దిద్దించి, పొద్దు వాలేలోగా తిరిగొచ్చేది. స్వదేశానికి వెళ్ళిపోతూ ఒక దొరసానమ్మ ఇచ్చిపోయిన ఆడవాళ్ళ సైకిలు ఆమెది. తెల్లచీర కుచ్చిళ్ళు చైనులో పడకుండా ఎత్తి దోపుకుని, నెరిసిన జుట్టు బిగించి ముడివేసుకుని, పల్నాటి ఎండలో ఆమె అలా తొక్కుకుంటూ పోతుంటే కొత్తవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. పాతవాళ్ళు టైము చూసుకునేవాళ్ళు.

ఆ రోడ్డు మీద కూడా ఆమెకి కొన్ని పద్ధతులున్నాయి. ఎత్తు ఎక్కేటప్పుడు గిట్టనివాళ్ళ కోసం ప్రార్థన చెయ్యమనేది. ఆ ఆయాసంలో వాళ్ళ మీద చాడీలు చెప్పడానికి ఊపిరి మిగలదట. పల్లంలో దిగేటప్పుడు స్తోత్రం చెప్పమనేది, కాకపోతే బ్రేకు మీద చెయ్యి తియ్యకుండా. ఎదురుగాలి కొట్టిన రోజున పొడుగు పాటలు వద్దనేది.

ఆమె దగ్గర పని నేర్చుకోడానికి వచ్చిన పిల్ల రాహేలు. శిక్షణ అప్పుడే ముగించుకుంది. గూడెంలో పుట్టి, మిషను బడిలో చదువుకుని, నలుగురిలో నిలబడి మాట్లాడగలిగినందుకు తల్లిదండ్రులు మురిసిపోయే పిల్ల. అన్న ఎక్కడో వెతికి తెచ్చిచ్చిన పాత సైకిలొకటి ఆమెకుంది. సలోమమ్మ గారు మొదటిసారి ఒంటరిగా ఆమెను పంపింది వెదుళ్ళమెట్టకి.

వెదుళ్ళమెట్ట గూడేనికి పోవాలంటే ఊళ్ళోని పెద్దవీధి దాటాలి. వేరే దారి లేదు. గూడెం వాళ్ళెవరూ ఆ వీధిలో సైకిలు తొక్కరు. వీధి మొదట్లో దిగి, నడిపించుకుంటూ పోయి, చివర్లో మళ్ళీ ఎక్కుతారు. అలా చెయ్యనక్కర్లేదని చట్టం వచ్చి చాలాకాలమైంది. రోడ్డుకి కంకర పోసింది కూడా సర్కారే. కానీ చట్టం అరుగుల మీద కూర్చోదు, మనుషులు కూర్చుంటారు. రాహేలు వీధిలోకి రాగానే మునసబు గారి అరుగు మీద నుంచి ఆయన తమ్ముడు నోరు మెదపకుండా వేలు కిందికి చూపించాడు. రాహేలు దిగింది. పోయేటప్పుడు నడిచింది, వచ్చేటప్పుడూ నడిచింది.

మంచిపని చేశావమ్మా, గొడవెందుకు అన్నారు గూడెం పెద్దలు. ఇది వినయమేలే, ప్రభువు తనను తాను తగ్గించుకున్నాడు గదా అని రాహేలు కూడా మనసుకి సర్దిచెప్పుకుంది. కానీ ఆ పూట అన్నం సహించలేదు. సాయంత్రం సలోమమ్మ గారు పొయ్యి రాజేస్తుంటే పక్కన కూర్చుని అడిగేసింది.

"అమ్మగారూ, నేను దిగింది వినయమా, భయమా? దిగకపోతే అది గర్వమయ్యేదా?"

సలోమమ్మ గారు పొగకి కళ్ళు తుడుచుకుని, రేపు పొద్దున సైకిలు తీసుకురమ్మంది.

మర్నాడు ఇద్దరూ వెదుళ్ళమెట్టకి బయలుదేరారు. మిరప కోతల కాలం. దారి పొడుగునా కళ్ళాల్లో కాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. పెద్దవీధి మొదలు రాగానే రాహేలు కాళ్ళు వాటంతటవే నేలని వెతుక్కున్నాయి. ఆమె దిగింది. ముందు పోతున్న సలోమమ్మ గారు దిగలేదు. వేగం పెంచలేదు, తగ్గించలేదు, బెల్లు కొట్టలేదు. వేరే రోడ్ల మీద తొక్కినట్టే తొక్కుతోంది.

మునసబు తమ్ముడు అరుగు దిగొచ్చి రోడ్డు మధ్యలో నిలబడి హ్యాండిలు పట్టుకున్నాడు. సైకిలు ఆగింది. సలోమమ్మ గారు ఒక కాలు నేలకి ఆనించింది గానీ సీటు వదల్లేదు.

ఈ వీధికో మర్యాద ఉందని, పెద్దదానివి నువ్వే చిన్నవాళ్ళని చెడగొడితే ఎట్టాగని అతను అడిగాడు. గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం అతనికెప్పుడూ రాలేదు.

"బాబూ, మీ గుమ్మంలోకి వస్తే చెప్పులు విప్పుతాను. అది మీ ఇల్లు," అంది సలోమమ్మ గారు. "ఇది రోడ్డు."

అతను హ్యాండిలు వదల్లేదు. ఆమె కోపం తెచ్చుకోలేదు, బతిమాలలేదు. బస్సు కోసం ఎదురుచూసే మనిషిలా సీటు మీద కూర్చుని ఉంది. అరుగుల మీదికి జనం చేరారు. తలుపుల చాటున ఆడవాళ్ళు నిలబడ్డారు. ఎండ ఎక్కుతోంది.

వెనక నిలబడ్డ రాహేలుకి వెనక్కి తిరిగి పోదామనిపించింది. పోతే ఎవరూ ఆపరు, పైగా సంతోషిస్తారు. అప్పుడామె చూపు సలోమమ్మ గారి వీపు మీద పడింది. వయసుకి కొంచెం వంగిన వీపు అది. ఇప్పుడు నిటారుగా ఉంది. రాహేలు కాసేపు దాన్నే చూసింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ సైగ చెయ్యలేదు. మళ్ళీ సైకిలెక్కి సీటు మీద కూర్చుంది. ఒక కాలు నేలమీద, ఒక కాలు పెడలు మీద.

ఇంతలో వెనక నుంచి మిరపకాయల బండి వచ్చింది. దాని వెనక ఇంకోటి. రెండూ మునసబు గారివే. రోడ్డుకి అడ్డంగా మనుషులూ సైకిళ్ళూ ఉండేసరికి ఎడ్లు ఆగిపోయాయి. బస్తాల నుంచి ఘాటు లేచింది. ముందు బండితోలే అతను తుమ్మాడు, తర్వాత అరుగు మీది పెద్దమనుషులు ఒకరి తర్వాత ఒకరు తుమ్మారు. హ్యాండిలు పట్టుకున్నవాడికీ తుమ్ములు తన్నుకొచ్చాయి. ఒక చేత్తో ఉత్తరీయం ముక్కుకి అదుముకున్నాడు గాని రెండో చెయ్యి తియ్యలేదు. చివరికి మునసబు గారే లోపల నుంచి వచ్చి, సరుకు ఎండలో నిలబెట్టి ఏం చేస్తున్నావురా, దారి వదులు అని విసుక్కున్నాడు. తమ్ముడు చెయ్యి తీశాడు.

సలోమమ్మ గారు తల కొంచెం వంచి, వస్తాను బాబూ అని చెప్పి పెడలు తొక్కింది. వెనకే రాహేలు. ఆ వీధి అంత పొడుగుందని గాని, అంత నున్నగా ఉంటుందని గాని ఆమెకి అంతవరకూ తెలీదు. గూడెం పిల్ల ఆ వీధిని సైకిలు సీటు మీద నుంచి చూడటం అదే మొదలు.

ఆ ఒక్క పూటతో ఊరు మారిపోలేదు. తర్వాతి వారం వాళ్ళిద్దరి సైకిళ్ళకీ ఎవరో గాలి తీసేశారు. గూడెం పెద్దలే వచ్చి మా మీదికి తేవద్దమ్మా అని ప్రాధేయపడ్డారు. ఇద్దరూ చక్రాలకి గాలి కొట్టించుకుని మళ్ళీ అదే వీధిలో తొక్కారు. కోతలు ముగిసేనాటికి గూడెం మగవాళ్ళు ఒకరిద్దరు దిగడం మానేశారు. మరుసటి ఏడు వానలకల్లా దిగేవాళ్ళే కనపడలేదు.

అదంతా తర్వాతి సంగతి. ఆ పొద్దున మాత్రం పెద్దవీధి దాటగానే రాహేలుకి ఒళ్ళంతా తేలికైపోయింది. ఎప్పుడూ అమ్మగారి వెనకే తొక్కే పిల్ల ఆమెను దాటి ముందుకు దూసుకుపోయింది. ఎదర నూకాలమ్మ వస్తోంది. విజయనగరం వైపు నుంచి వలసొచ్చిన మనిషి. పెద్దవీధి ఇళ్ళ పాకీదొడ్లు ఎత్తేది ఆమే. బకెట్టు కడుక్కోడానికి వాగుకి పోయి మళ్ళీ ఊళ్ళోకి వస్తోంది. ఆమె ఎదురైతే ఊళ్ళోవాళ్ళే కాదు, గూడెం వాళ్ళూ ముక్కు మూసుకుంటారు. రాహేలు గట్టిగా బెల్లు కొట్టింది. నూకాలమ్మ గబుక్కున రోడ్డు దిగి తుమ్మకంపలోకి తప్పుకుని, ముఖం అటు తిప్పుకుని నిలబడింది. రాహేలు ఆమెను దాటి పోయింది.

కొంతదూరం పోయాక వెనక సైకిలు చప్పుడు లేదని తిరిగి చూసింది. సలోమమ్మ గారు దిగి ఉంది. సైకిలుకి స్టాండు వేసి, కంప అంచున నిలబడి, నూకాలమ్మకి చెయ్యి అందిస్తోంది. నూకాలమ్మ ఆ చెయ్యి వంక చూస్తోంది గాని పట్టుకోవడం లేదు.

"మీరు దిగిపోతే నానెటు నడవాల తల్లీ?" అంటోంది. ఆ గొంతులో దీనత్వం లేదు. నిజంగానే ఆమెకి తెలియక అడుగుతోంది.

పక్కనే నడువు, రోడ్డు వెడల్పుంది అని సలోమమ్మ గారు ఆమె మణికట్టు పట్టుకుని పైకి లాగింది. నూకాలమ్మ ఒక కాలు నేలకి ఆన్చలేకపోయింది. తుమ్మముల్లు మడమలో లోతుగా దిగింది.

రాహేలు వెనక్కొచ్చింది. తన బెల్లు చప్పుడు తన చెవుల్లోనే మోగుతున్నట్టుంది. సైకిలు దిగి, దాన్ని రోడ్డు పక్కన పడుకోబెట్టి, గాజులకి తగిలించుకున్న పిన్నీసు తీసింది. నూకాలమ్మని మైలురాయి మీద కూర్చోబెట్టి ఆ కాలు తన ఒళ్ళోకి తీసుకుంది. వద్దు తల్లీ, నా కాలు నువ్వు ముట్టకు అని నూకాలమ్మ వెనక్కి లాక్కోబోయింది. రాహేలు వదల్లేదు. పగుళ్ళలో దూరి సగానికి విరిగిన ముల్లు అది. తీయడానికి చాలాసేపే పట్టింది. బయటికొచ్చాక ముగ్గురూ దాన్ని చూశారు. ఎంత ముల్లో అని నూకాలమ్మ నవ్వింది.

ఆమె గుడిసె వాగు పక్కనే. అక్కడిదాకా ముగ్గురూ రోడ్డు మీద పక్కపక్కన నడిచారు. నూకాలమ్మ మధ్యలో, అటొక సైకిలు, ఇటొక సైకిలు. ఎదురొచ్చిన బండి ఒకటి ఆగి పక్కకి తప్పుకుంది.

నూకాలమ్మ లోపలికి పోయాక రాహేలు చీర కొంగుతో చేతులు తుడుచుకోబోయి మానేసింది. అక్కడ అంతసేపు ఎండలో కూర్చుని కూడా దిగనివారు, ఇక్కడ అడక్కుండానే ఎందుకు దిగారని మెల్లగా అడిగింది.

సలోమమ్మ గారు కుచ్చిళ్ళు మళ్ళీ ఎత్తి దోపుకుంది. సైకిలు ఎక్కి, హ్యాండిలు సరిచేసుకుంది.

"ప్రభువు పైనుంచి దిగొచ్చాడని రేపటినుంచి నువ్వూ ఊరూరా పాఠం చెబుతావు గదా, రాహేలూ," అంది. "ఆయన్నెవరన్నా దింపారా?"